అక్షరము మారిన మందు పనిచేయునా?

కామెర్లనగానే పసుపుబారిన కన్నులు, పథ్యము మన సోదరీమణులకు జ్ఞప్తికి వచ్చును. హెపటైటిస్ బి వైరసు అట్లు బయటపడకయే యేండ్లకొలది కాలేయమున దాగియుండగలదు. తల్లికున్నచో ప్రసవసమయమున బిడ్డకు సోకవచ్చును. అట్లు సోకిన శిశువులలో నూటికి సుమారు 90 మందికి అది దీర్ఘవ్యాధిగా నిలిచిపోవును.

వాడుకలోనున్న మాత్రలు వైరసు నణచునేగాని పూర్తిగా తొలగించుట యరుదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అను శాస్త్రజ్ఞులు, రెండు పోగుల ఆర్.ఎన్.ఎ.చే జన్యువు పనిని ఆపవచ్చునని యొకజాతి పురుగులయందు చూపి, 2006లో నోబెల్ బహుమానము నందిరి. వైరసు తన మాంసకృత్తులకై పంపు ఆజ్ఞాపత్రము కూడ ఆర్.ఎన్.ఎ.యే. అందలి యిరువదియొక్క అక్షరముల వరుసకు సరిపడు తునుకను పంపినచో, మన కణమే ఆ పత్రమును చించివేయును.

చిక్కిచ్చటనే కలదు. ఈ వైరసు, వ్రాసిన ప్రతిని సరిచూడని వ్రాయసకానివంటిది. ఆ తప్పులచేతనే ఏ, బి, సి, డి మొదలగు తెగలేర్పడినవి. మన దేశమున ఏ, డి తెగలు విశేషము. మందు వెదకు వరుసలో అక్షరము మారినచో గుఱి తప్పవచ్చును.

అయిన నొక మేలున్నది. వైరసు గ్రంథమంతయు సుమారు 3200 అక్షరములే. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యము రామకథను, భారతకథను చెప్పినట్లు, అందు పెక్కుచోట్ల ఒకే వరుస రెండు మాంసకృత్తులకు మూలము. ఒక అక్షరము మారిన రెండర్థములును చెడవచ్చును. కావున అన్ని తెగలలోను మారని చోట్లు కొన్ని మిగిలినవి. మందు చేయువారు వానినే యెన్నుకొందురు.

మాకు మిక్కిలి వింతగా దోచినది ఏఆర్‌సీ-520 అను మందు కథ. ఈ-యాంటిజెన్ గల రోగులలో అది వైరసు ఉపరితల మాంసకృత్తును చక్కగా తగ్గించెను; ఆ యాంటిజెన్ లేనివారిలో అంతగా తగ్గింపలేదు. కారణము 2017లో ప్రకటితమయ్యెను. రెండవవారిలో ఆ మాంసకృత్తు చాలవఱకు వైరసు మూలప్రతినుండి గాక, మనుష్యుని జన్యుపదార్థములోనే అతుకుకొనిన వైరసు ముక్కలనుండి వచ్చుచుండెను. అతుకుకొనునపుడు ఆ ముక్కల కొస తెగిపోయినది. మందు వెదకు వరుస ఆ కొసలోనిదే! అన్ని తెగలను లెక్కచూచినవారికి ఇంటిలోనే దాగిన ఈ మార్పు తట్టలేదు. తరువాతి మందొకదానియందు రెండు తునుకలు చేర్చిరి. ఒకటి తప్పినను రెండవది, తెగక మిగిలిన భాగమును పట్టుకొనవలెనని వారి యుద్దేశము.

టీకాకు మాత్రము ఈ తెగల భేదముచే నంత చిక్కు లేదు. పుట్టిన 24 గంటలలోపల వేయించి, తక్కిన మోతాదులు పూర్తిచేయించిన, అది సాధారణముగా అన్ని తెగలనుండియు బిడ్డను కాపాడును.