చీనా విద్యార్థులు - ఇంగ్లీషు పరీక్ష

ఏటేట జూన్ నెల 7, 8 తేదీలయందు చీనాదేశమున ఇంటింట ఆందోళనమే. "గావ్‌కావ్" అని వారు వ్యవహరించు విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష ఆ దినములలో ప్రారంభమగును. 2024లో ఈ పరీక్షకు పేరు నమోదు చేసికొన్నవారు 1 కోటి 34 లక్షల 20 వేలమంది. మొత్తము మార్కులు సాధారణముగ 750. అందు మాతృభాషకు 150, గణితమునకు 150, విదేశభాషకు 150. విదేశభాషగా ఇంగ్లీషు, రష్యను, జపాను, ఫ్రెంచి, జర్మను, స్పానిషు భాషలలో దేనినైన కోరుకొనవచ్చును గాని, అత్యధిక సంఖ్యాకులు కోరుకొనునది ఇంగ్లీషే.

ఇంగ్లీషు పరీక్ష 8వ తేదీ మధ్యాహ్నము 3 గంటలకు. ఆ వేళ పరీక్షాశాలల పరిసరములయందు మోటారుబండ్లు హారను మ్రోయింపరాదు. కట్టడపు పనులు నిలిచిపోవును. పోలీసులు వీథులు కాచుచుందురు. ఈ నిశ్శబ్దము వట్టి మర్యాదకొరకు గాదు. పెక్కు రాష్ట్రములలో ఆ పరీక్షయందలి మొదటి 20 నిమిషములు విద్యార్థుల చెవులకే పరీక్ష. గోడకు తగిలించిన యంత్రమునుండి వెలువడు మాటలలో ఒక్కటి జారిపోయినను దానిని మరల పట్టుకొనుటకు వీలుండదు.

ఈ విషయము మన పాఠకుల దృష్టికి తెచ్చుటకు కారణము కలదు. మనదేశమున ఇంగ్లీషు దొరల కచ్చేరీలతోడను, దొరతనమువారి కొలువులతోడను వచ్చినది. చీనాను ఆంగ్లేయులు, హాంగ్‌కాంగు వంటి కొన్ని తావులను మినహాయించి, ఏలలేదు. ఆ భాషను తమ బిడ్డల నెత్తిపై పెట్టుకొన్నవారు వారే. దించవలెనా వలదా యని తర్కించుకొనుచున్నవారును వారే. పరులు రుద్దిన భాషను కొలుచుట వేరు, తాము కోరి తెచ్చుకొన్న భాషను కొలుచుట వేరు. ఈ రెండవ కార్యమున వారు పడిన పాట్లు విచారింపదగినవి.

పూర్వకథను క్లుప్తముగ చెప్పుదుము. పీకింగునగరమున విదేశభాషల పాఠశాల 1862లో వెలసినది. వేయియేండ్లకు పైబడిన రాజోద్యోగ పరీక్షలు 1905లో రద్దయినవి. 1949 తరువాత కొంతకాలము రష్యనుభాషకే అగ్రపీఠము. 1966లో సాంస్కృతిక విప్లవము పేర ప్రవేశపరీక్షలే మూతపడినవి. 1973లో హెనాన్ రాష్ట్రమున ఒక పల్లెటూరి పాఠశాలయందు, 15 ఏండ్ల బాలిక ఇంగ్లీషు పరీక్షాపత్రముపై, తాను చీనాదేశస్థురాలననియు, పరభాషాక్షరములు రాకున్నను విప్లవమునకు వారసురాలను కాగలననియు వ్రాసినది. ఉపాధ్యాయులు మందలించిరి. ఆ బాలిక నీటమునిగి మరణించినది. మరుసటియేట మావో సతీమణి జియాంగ్ చింగ్ వర్గమువారు ఈ విషాదమును రాజకీయాయుధముగ చేసికొనగా, ఉపాధ్యాయులు కారాగారము పాలైరి. పరీక్షాపత్రము ప్రాణములతో ముడిపడుట ఆ దేశమునకు క్రొత్త గాదు.

1977 శీతకాలమున పరీక్షలు పునరుద్ధరింపబడినపుడు సుమారు 57 లక్షలమంది వ్రాయగా, 2 లక్షల 70 వేల పైచిలుకు మందికి మాత్రమే ప్రవేశము దొరకినది. అప్పుడు సామాన్య విద్యార్థికి ఇంగ్లీషు మార్కుల లెక్క లేదు. 1979లో నూటికి పదిపాళ్లు లెక్కించిరి. ఏడాదికొక మెట్టు పెంచుచు 1983 నాటికి పూర్తిగ లెక్కించిరి. ఆ నాలుగేండ్లలో ఒక దేశపు బాలబాలికలందరి పాఠ్యక్రమము మారిపోయినది. శాసనముచేత గాని ఉపన్యాసముచేత గాని సాధ్యముగాని పని మార్కుల పట్టికచేత సాధ్యమైనది.

ఇప్పటి పత్రమును చూతము. పెక్కు రాష్ట్రములలో అమలునందున్న నూతన పత్రమున శ్రవణమునకు 30, పఠనమునకు 50, భాషాప్రయోగమునకు 30, రచనకు 40 మార్కులు. శ్రవణమున 20 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి ఒకటిన్నర మార్కు. మొదటి ఐదు చిన్న సంభాషణలను ఒక్కమారే వినిపింతురు. తక్కిన వానిని రెండుమారులు. పురుషుడు ఎచ్చటికి పోవుచున్నాడు? స్త్రీ ఏమి కొనదలచినది? వారు మాటలాడుచున్నది అంగడిలోనా, ఆసుపత్రిలోనా? ఇట్టి ప్రశ్నలకు మూడేసి సమాధానములు అచ్చువేసి యుండును; ఒకటి ఎన్నుకొనవలెను. పఠనమున నాలుగు వ్యాసఖండములపై 15 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి రెండున్నర మార్కులు, నాలుగేసి సమాధానములు. పిమ్మట ఐదు వాక్యములు తొలగించిన ఖండమొకటి యిచ్చి, క్రింద ఏడు వాక్యములు చూపుదురు. వానిలో ఐదింటిని ఏరి తగిన తావుల నిలుపవలెను.

ఇచ్చట చిన్న గణితము. ఒక్క ఇంగ్లీషుముక్కయు ఎరుగనివాడు చెవులు మూసికొని ఇరువదింటికిని గ్రుడ్డిగ గుర్తులు పెట్టెననుకొందము. మూడింటనొకటి చొప్పున సగటున వానికి 30కి 10 మార్కులు దొరకును. గ్రుడ్డెద్దు చేనబడి మేసిన మేతయు ఫలసాయములోనే చేరినది! పఠనపు నాలుగు ఖండములలో నాలుగింటనొకటి చొప్పున మరి తొమ్మిదికి పైగా దొరకును. కోటిమంది వ్రాయు పరీక్షలో ఉత్తరములను యంత్రము దిద్దవలెనన్న ఇంతకంటె గత్యంతరము లేదందురు. అది నిజమే. కాని యంత్రము దిద్దగలిగినదే విద్య యని ఉపాధ్యాయులును, తలిదండ్రులును భ్రమించుట అచ్చటనే ఆరంభమగును.

పరీక్ష నిర్మాతలు ఈ చిక్కు నెరుగనివారు గారు. 1980 ప్రాంతముల గ్వాంగ్‌జౌ నగరమందలి పండితులు గుయ్ షిఛున్, లీ షావ్‌జూ మున్నగువారు, వ్యాకరణ సూత్రములను వల్లించుటయే ఇంగ్లీషు విద్యగా నున్న దురవస్థను మార్చదలచిరి. పాఠము మారిన పిదప పరీక్ష మారుననుట లోకన్యాయము. వారు దానిని తలక్రిందు చేసిరి. పరీక్షను మార్చినచో పాఠము దానంతట మారునని తలచి 1985లో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున క్రొత్త పరీక్షను ప్రయోగించిరి. భాషాజ్ఞానమును గాక భాషావినియోగమును కొలువవలెననుట వారి సంకల్పము. శ్రవణభాగము సైతము పిమ్మట ఆ సంకల్పమునుండియే పుట్టినది. ఫలమేమి? లూషియా చీ యను పరిశోధకురాలు 2005లో ప్రకటించిన వ్యాసమున చూపినదేమనగా, నిర్మాతలు ఒకటి తలచిరి, పాఠశాలలు వేరొకటి చేసినవి. రచనాభాగమున ఎవరికి, ఏ సందర్భమున వ్రాయుచున్నారో గమనింపుడని పరీక్షకులు కోరగా, తరగతులలో అందమైన చేవ్రాతను, తప్పులేని వాక్యమును మాత్రమే అభ్యసింపజేసిరి.

శ్రవణపఠనములకును అదియే గతి పట్టినది. సంభాషణకు ముందు దొరకు కొలది క్షణములలో ప్రశ్నలను చదివి ఏ మాట వినబడునో ఊహించుట ఒక విద్య. ఖండమును చదువకమునుపే ప్రశ్న చదివి, అందలి మాట ఖండమున ఎచ్చట నున్నదో వెదకికొనుట మరియొక విద్య. ఉన్నతపాఠశాల ముగియునప్పటికి విద్యార్థికి సుమారు 3000 పదములు తెలిసియుండవలెనని పాఠ్యప్రణాళిక. ఈ పదములను పట్టికగ కంఠస్థము చేసి, పాత పత్రములను వందలకొలది సాధించి, మంచి మార్కులు తెచ్చుకొన్నవాడు ఒక చిన్న ఇంగ్లీషు కథను సుఖముగ చదివి ఆనందింపజాలక పోవచ్చును. పరీక్షలోని గొంతులు తేటయైనవి, వడి మితమైనది. యీవూ నగరపు అంగళ్లలో బేరమాడు నైజీరియా వర్తకుని ఇంగ్లీషు, మన హైదరాబాదు వర్తకుని ఇంగ్లీషు అట్లుండవు. మనవాని ఇంగ్లీషు వినుటకు మనకే యొక్కొక్కప్పుడు పరీక్ష అక్కరలేకుండనే పరీక్షయగును!

అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. పఠనము గ్రంథమున్నచో, దీపమున్నచో, పట్టుదలయున్నచో కొంతవరకు ఒంటరిగ అలవడును. కర్షకుని బిడ్డ చిరిగిన పుస్తకముతో రాత్రులు మేలుకొని దానిని సాధింపగలడు. శ్రవణమట్టిది గాదు. మన పూర్వులు వేదమును శ్రుతియన్నారు. గురుముఖమునుండి వెలువడిన స్వరము శిష్యుని చెవిని బడక ఆ విద్య లేదు. చీనాలో మూడవ తరగతినుండి ఇంగ్లీషు బోధింపవలెనని 2001లో ఆజ్ఞలు వెలువడినవి గాని, ఆజ్ఞతోపాటు స్వరము పల్లెపల్లెకు పోలేదు. షాంఘై బాలునికి బాల్యమునుండి విదేశీయుల గొంతులు, చలనచిత్రములు, ఇంటివద్ద బోధకులు. కొండనడుమ పల్లె బాలునికి తన ఉపాధ్యాయుని గొంతే ఇంగ్లీషుగొంతు. ఆ యుపాధ్యాయుడు దానిని మరియొక ఉపాధ్యాయునివద్ద అట్లే నేర్చెను. ఈ ఇరువురకు ఒకే యంత్రమున ఒకే సంభాషణను వినిపించి ఒకే కొలత యనుట పైకి సమానత్వమే. ఇందలి వ్యత్యాసములో బాలుని తెలివి యెంత, తండ్రి సంచి యెంత యని ఎవరు వేరుచేయగలరు?

ఇది గుర్తించియే కొన్ని రాష్ట్రములు కొంతకాలము శ్రవణపు మార్కులను మొత్తమునందు కలుపక, విశ్వవిద్యాలయములకు చూపుటకు మాత్రము ప్రత్యేకముగ నుంచినవి. ఉద్దేశము దయయే. కాని లెక్కలోనికి రాని దానిని తరగతిలో ఎవరు నేర్పుదురు? పల్లె పాఠశాలలలో యున్న కొద్దిపాటి శ్రవణాభ్యాసమును మూలపడవేయుటకు అది సాకగును. కనుక శ్రవణపరీక్ష తీసివేయవలెనను వాదమును మేము అంగీకరింపము. పరీక్ష నుంచవలెను, అంతకుముందు పల్లెకు స్వరము పంపవలెను. ఈ రెండవ పనిని పరీక్షాధికారులు చేయజాలరు, ప్రభుత్వము చేయవలెను.

చెవులు వినబడని విద్యార్థులకు చీనా నిబంధనలు ఒక న్యాయము చేసినవి. వారు కోరినచో శ్రవణభాగమునుండి మినహాయింపు పొందవచ్చును. అప్పుడు వ్రాతలో వచ్చిన మార్కులను 150చే గుణించి వ్రాతభాగపు మొత్తముచే భాగింతురు; శ్రవణము 30 మార్కులైనచో వ్రాత మొత్తము 120. తొంబది వచ్చినవానికి 112న్నర యగును. మంచి పద్ధతి. కాని చెవులుండియు వినుటకు స్వరమే లేని కొండపల్లె బాలునికి ఏ గుణకారమును లేదు.

గుణకారములను ఇష్టము వచ్చినట్లు చేసిన నేమగునో జెజియాంగ్ రాష్ట్రము 2018లో చవిచూచినది. 2014 నాటి సంస్కరణముల ననుసరించి అచ్చట ఇంగ్లీషు పరీక్షను రెండుమారులు వ్రాసి మేలైన మార్కులను ఉంచుకొనవచ్చును. ఆ సంవత్సరము నవంబరులో జరిగిన పత్రము అంతకుముందటి దానికంటె కఠినముగ నుండెనని అధికారులు తలచిరి. రెండు తడవలు వ్రాసినవారి నడుమ సమత్వము కొరకని, పఠనమునందు కొన్ని ప్రశ్నలకును, కథను పొడిగించి వ్రాయు రచనాభాగమునకును మార్కులను హెచ్చించిరి; ముందుగ ఎవరికిని తెలుపలేదు. ఆ భాగములలో చక్కగ వ్రాసినవారికి హెచ్చింపుకు చోటు తక్కువ. తక్కువగ వ్రాసినవారు పైకెక్కిరి. కొండనాలుకకు మందు వేయబోగా ఉన్ననాలుక ఊడినది. తలిదండ్రులు భగ్గుమనిరి. రాష్ట్రప్రభుత్వము విచారణ జరిపి, డిసెంబరు మొదటివారమున ఆ హెచ్చింపును రద్దుచేసి అసలు మార్కులను నిలిపినది. రాష్ట్ర విద్యాశాఖ ప్రధానాధికారి పదవి వదలవలసి వచ్చినది. రెండు పత్రముల కాఠిన్యమును సరిపోల్చుట శాస్త్రములో ఉన్న పనియే. దానిని చాటుమాటున చేసినది వారి నేరము. ఒక్క మార్కు తేడాతో వేలమంది ముందువెనుకలగు చోట ప్రజలకు చెప్పని సూత్రము ఎంత సూక్ష్మమైనను అన్యాయముగనే కనబడును.

బీజింగు మేలైన మార్గము త్రొక్కినదని మా అభిప్రాయము. అచ్చట 2013లో ఇంగ్లీషు మార్కులను 150నుండి 100కు తగ్గించి మాతృభాషకు 180 చేయవలెనను ప్రతిపాదన వచ్చి చర్చలలోనే నిలిచిపోయినది. దానికి బదులు, 2018 నాటి విద్యార్థులనుండి శ్రవణపరీక్షను జూన్ పరీక్షనుండి విడదీసి, డిసెంబరులో నొకమారు, మార్చిలో నొకమారు పెట్టి, మేలైనది లెక్కించుచున్నారు. 2021నుండి దానికి మాటలాడు పరీక్షను చేర్చి, శ్రవణమునకు 30, వాక్కునకు 20 చొప్పున 50 మార్కులు కేటాయించిరి. గ్వాంగ్‌డాంగు అంతకుముందే 2011లో కంప్యూటరు యెదుట వినుట, పలుకుట రెండును పరీక్షించు పద్ధతిని ప్రవేశపెట్టినది. నోరు మెదపవలసి వచ్చినచో ఊహలతో గట్టెక్కుట కష్టము. ఆనాడు జలుబు చేసినను, వెలుపల ఎవరో హారను మ్రోయించినను, మరియొక అవకాశముండును.

2018లో చీనాప్రభుత్వము ఇంగ్లీషు సామర్థ్యమునకు తొమ్మిది మెట్ల ప్రమాణమును ప్రకటించినది. ఉన్నతపాఠశాల వదలు విద్యార్థి ఇంచుమించు నాలుగవ మెట్టుపై నుండవలెను. మరుసటియేట బ్రిటిష్ కౌన్సిలుతో కలిసి ఐఎల్ట్స్ పరీక్షమార్కులను ఈ మెట్లతో సరిచూచిరి. ఆంగ్లేయుల కొలబద్దను ఊరక అరువు తెచ్చుకొనక, తమ కొలబద్దను ముందు తయారుచేసికొని తరువాత దానితో పోల్చుట ప్రశంసింపదగినది.

2021 జూలైలో లాభాపేక్షతో నడచు పాఠ్యబోధన సంస్థలపై వేటు పడినది. ఇంగ్లీషు బోధించు పెద్దపెద్ద కంపెనీలు ఒక్కమారుగ కూలినవి. ఆ యేడే షాంఘై ప్రాథమిక పాఠశాలల కాలాంతపరీక్షలనుండి ఇంగ్లీషును తొలగించినది. ఇంగ్లీషును మాతృభాషాగణితములతో సమానపీఠమునుండి దించవలెనని సలహాసభ సభ్యుడొకరు కోరగా, విద్యామంత్రిత్వశాఖ సమ్మతింపలేదు. సంపన్నులు ఇంటికి బోధకులను రహస్యముగ రప్పించుకొనుచునే యున్నారు. ఇంగ్లీషునకు జంకిన విద్యార్థులు కొందరు జపానుభాష పత్రమును కోరుకొనుచున్నారు. జూన్ 8వ తేదీ పత్రమున మాత్రము 150 మార్కులు 150గనే యున్నవి. పెక్కు రాష్ట్రములలో వానిలో చెవికి 30.