మార్ఫిన్ మాత్ర – మందుల షాపు రిజిస్టరు

క్యాన్సర్ నొప్పితో తల్లడిల్లే రోగికి మార్ఫిన్ వరప్రసాదం. అలవాటు పడినవానికి అదే ఉరిత్రాడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు శిక్షలకు జడిసి ఎన్నో ఆసుపత్రులు, దుకాణాలు మార్ఫిన్ నిల్వ చేయడమే మానుకున్నాయి. నల్లమందును చట్టబద్ధంగా పండించి ఎగుమతి చేసే దేశంలోనే రోగులు అలమటించారు! 2014 సవరణ గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు అనేక లైసెన్సుల బెడద తప్పించింది. అదే ఏడాది మార్చి 1 నుండి ‘హెచ్1’ జాబితా మందులకు ప్రత్యేక రిజిస్టరు వచ్చింది. వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం అందులో వ్రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఒకప్పుడు సులువుగా దొరికిన ట్రామడాల్ 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి చేరింది. పొరుగువారి కోసం పాత చీటీతో మాత్రలు తెచ్చిపెట్టడాన్ని మనం మర్యాదగా భావించుకుంటూ వచ్చాం. ఇప్పుడు కౌంటరు వద్ద పేరడిగితే మాలో కొందరికి ఇంకా చిన్నతనంగానే ఉంటున్నది.