42 కన్నా 34 ఎక్కువా?

లెక్కల మాస్టారిని అడిగితే 42 కన్నా 34 తక్కువ అంటారు. అందులో సందేహం లేదు. కానీ కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి ఎండాకాలం సెలవుల్లో విశాఖపట్నం చూడటానికి వెళ్ళిన కుర్రవాణ్ణి అడిగి చూడండి. వాడు ఇంకోలా చెప్తాడు.

తుమ్మలపల్లె పులివెందులకు దగ్గరలో, వేముల మండలంలో ఉన్న ఊరు. మే నెలలో అక్కడ వేడి 42 డిగ్రీల సెల్సియస్ దాకా పోవడం వింతేమీ కాదు. అలాంటి ఎండలో చీనీ చెట్ల మధ్య తిరిగి పెరిగినవాడికి, విశాఖలో 34 డిగ్రీలే అని పేపర్లో చూస్తే నవ్వొస్తుంది. "ఇదీ ఒక ఎండేనా!" అనుకుంటాడు. టోపీ బస్సులోనే వదిలేసి కైలాసగిరి పార్కుకు బయలుదేరతాడు. కొండమీద తిరిగే బొమ్మ రైలు కోసం వరసలో నిలబడతాడు. అరగంట గడిచేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. చెమట కణతల మీంచి ధారగా కారుతుంది. తల దిమ్మెక్కుతుంది, కాళ్ళు బరువెక్కుతాయి. రైలెక్కే సరదా పోయి ఏ చెట్టు కిందో చతికిలబడతాడు.

ఊళ్ళో 42 డిగ్రీలకు లొంగనివాడు ఇక్కడ 34కే ఎందుకు లొంగిపోయాడు?

ముందు మన ఒంటి సంగతి చూద్దాం. మన ఒళ్ళు ఆరని పొయ్యి లాంటిది. తిన్న సంగటీ, అన్నమూ లోపల నెమ్మదిగా కాలుతూ వేడిని పుట్టిస్తూనే ఉంటాయి. నడిస్తే ఆ వేడి రెండు మూడు రెట్లవుతుంది. 40 కిలోల బరువున్న విద్యార్థి నడుస్తున్నప్పుడు గంటకు 150 కిలోకెలోరీల వేడి పుడుతుందనుకుందాం. అతని శరీరాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 33 కిలోకెలోరీలు చాలు. 150ని 33తో భాగించండి. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే, గంటలో ఒళ్ళు నాలుగు డిగ్రీలకు పైగా వేడెక్కిపోతుంది. 37 దగ్గర ఉండవలసినది 41 దాటుతుంది. అది ప్రాణానికే ముప్పు.

గాలి మన చర్మం కన్నా చల్లగా ఉంటే వేడి దానంతట అదే గాలిలోకి పోతుంది. ఎండాకాలంలో చర్మం వేడి ఇంచుమించు 35 డిగ్రీలుంటుంది. గాలి 34 డిగ్రీలుంటే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. 42 ఉంటే మరీ అన్యాయం: వేడి ఎదురు తిరిగి మనలోకే వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. చెమట కారినందువల్ల ఒళ్ళు చల్లబడదు, ఆరినందువల్ల చల్లబడుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరవుతూ సుమారు 580 కెలోరీల వేడిని పట్టుకుపోతుంది. మన విద్యార్థి ఒంట్లో గంటకు పుట్టే 150 కిలోకెలోరీలను వదిలించడానికి పావు లీటరు చెమట, అంటే గ్లాసుడు చెమట చాలు. కాకపోతే ఆ గ్లాసుడూ ఒంటి మీదే ఆరాలి. బొట్లు బొట్లుగా నేలమీద పడ్డ చెమట దండగ. అది ఉప్పునూ నీళ్ళనూ పట్టుకుపోతుందే తప్ప వేడిని తీసుకుపోదు.

ఇది మీకు తెలియని విషయమేమీ కాదు. మీ వసారాలో ఉన్న మట్టికుండ చేసే పని ఇదే. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీళ్ళు బయటికి చెమర్చి, ఆరుతూ, లోపలి నీళ్ళలోని వేడిని లాగేస్తాయి. తుమ్మలపల్లెలో వడగాడ్పు వీచే రోజున కుండలో నీళ్ళు గొంతు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. అదే కుండను విశాఖ సముద్రపు ఒడ్డున పెట్టండి. కుండ పైన తడి ఉంటుంది గానీ చల్లదనం అంతంతమాత్రం. మన కుర్రవాడికి జరిగిందీ అదే.

ఎందుకో అంకెల్లో చూద్దాం. చెమటతో తడిసిన చర్మాన్ని అంటుకుని పలుచని గాలి పొర ఒకటి ఉంటుంది. 35 డిగ్రీల దగ్గర ఆ గాలి ఘనమీటరుకు 40 గ్రాముల దాకా నీటి ఆవిరిని పట్టుకోగలదు. తుమ్మలపల్లెలో 42 డిగ్రీల వేడీ, 15 శాతం తేమా ఉన్న మధ్యాహ్నం, చుట్టూ ఉన్న గాలిలో ఘనమీటరుకు ఎనిమిది గ్రాములకు కొంచెం పైన మాత్రమే ఆవిరి ఉంటుంది. విశాఖలో 34 డిగ్రీల వేడీ, 75 శాతం తేమా ఉంటే అది 28 గ్రాములు. 40 నుంచి 8కి వాలు నిటారుగా ఉంది, చెమట జారుకున్నట్టే పోతుంది. 40 నుంచి 28కి ఏం వాలు! అక్కడ గాలి అప్పటికే కడుపు నిండి ఉంది.

వాతావరణ శాస్త్రజ్ఞులు ఈ తేడాను చిన్న పరికరంతో కొలుస్తారు. థర్మామీటరు బల్బు చుట్టూ తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే, తడి ఆరుతూ పాదరసం కిందికి దిగుతుంది. అది ఆగిన చోటే తడి బల్బు ఉష్ణోగ్రత. ఇందాకటి అంకెలకు లెక్క కడితే తుమ్మలపల్లెలో తడి బల్బు సుమారు 22 డిగ్రీలు, విశాఖలో సుమారు 30 డిగ్రీలు వస్తుంది. మాస్టారి లెక్క తలకిందులైంది చూశారా! చెమట పట్టిన మనిషికి లెక్కలోకి వచ్చేది ఈ రెండో అంకె.

దీన్ని గురించి ఒక పాత ప్రయోగం ఉంది. 1774లో లండన్‌లో చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు స్నేహితులతో కలిసి, బాగా కాచిన పొడి గదిలోకి వెళ్ళాడు. గదిలో గాలి 127 డిగ్రీల దాకా వేడెక్కింది. నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గరే కదా! అయినా ఆయన కొన్ని నిమిషాలుండి క్షేమంగా బయటికి వచ్చాడు. ఆ వేడిలో పెట్టిన కోడిగుడ్లు మాత్రం గట్టిగా ఉడికిపోయాయి. ఇంకో తమాషా కూడా జరిగింది. గదిలో పెట్టిన పాత్రలో నీళ్ళు ఎంతసేపటికీ మరగలేదు, పైనుంచి ఆవిరై పోతూ తమను తాము చల్లబరచుకుంటున్నాయి కాబట్టి. నీళ్ళమీద కాస్త నూనె వేసి ఆవిరిని ఆపేసరికి తెర్లడం మొదలుపెట్టాయి. తేమ నిండిన గాలి మన ఒంటికి ఆ నూనె పొర లాంటిది. (ఈ ప్రయోగాన్ని మీరెవరూ చేయకండి. ఆయన పక్కన డాక్టర్లున్నారు.)

తడి బల్బు లెక్క తుమ్మలపల్లెకు కొత్తేమీ కాదు. ఆ ఊరి భూగర్భంలో యురేనియం గని ఉంది. గని లోపల ఎండ ఉండదు, కానీ తేమ ఉంటుంది. అందుకే 1961లో మన దేశంలో లోహపు గనుల కోసం నిబంధనలు చేసినప్పుడు, మనుషులు పనిచేసే చోట తడి బల్బు 33.5 డిగ్రీలు దాటకూడదని రాశారు. అది 30.5 దాటితే, సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో గాలి ఆడేటట్టు ఏర్పాటు చేయాలన్నారు. విశాఖకు మనం కట్టిన 30 ఈ గీతకు అర డిగ్రీ దూరంలోనే ఉంది. గనిలో పెద్దవాళ్ళు జాగ్రత్త పడవలసిన చోటికి మన కుర్రవాడు నవ్వుతూ వెళ్ళి నిలబడ్డాడన్నమాట! 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీవారు ఆరోగ్యవంతులైన యువతీ యువకుల మీద పరీక్షలు చేసి, తేమగాలిలో తడి బల్బు 31 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే ఒళ్ళు తన వేడిని తాను అదుపు చేసుకోలేకపోతున్నదని చూశారు. 35 దాకా తట్టుకోవచ్చని అంతకు ముందు అనుకునేవారు.

మరి పార్కులో ఏం చేయాలి? గని నిబంధన జవాబు చెప్పేసింది: గాలి ఆడాలి. చర్మాన్ని అంటుకున్న ఆవిరి పొరను గాలి ఊడ్చేస్తే, దాని చోటికి కొంచెం పొడి గాలి వస్తుంది, ఇంకొంత చెమట ఆరుతుంది. ఇక్కడే మన ఊరి అలవాటు అడ్డొస్తుంది. తుమ్మలపల్లెలో వడగాలి లేస్తే తలుపులూ కిటికీలూ బిగించి లోపల కూర్చుంటాం. 42 డిగ్రీల గాలి ఒంటికి వేడి పూస్తుంది కాబట్టి అదే తెలివైన పని. విశాఖలో దానికి సరిగ్గా వ్యతిరేకం. సముద్రం మీంచి వచ్చే గాలికి ఎదురుగా నిలబడాలి. వరసలో జనం మధ్య ఇరుక్కుంటే గాలి తగలదు. పైగా చుట్టూ నిలబడ్డ ఒక్కొక్క మనిషీ వంద వాట్ల బల్బు వెలిగినట్టు వేడిని ఇస్తూ, ఊపిరితో ఆవిరిని వదులుతూ ఉంటాడు. పొడుగాటి వరసలున్న ఆటలను పొద్దుటికో సాయంత్రానికో ఉంచుకోండి. మధ్యాహ్నం పూట నీళ్ళలో ఆడే ఆటలో, ఏసీ ఉన్న ప్రదర్శనశాలలో చూడండి.

నీళ్ళు చిమ్మే ఫ్యాన్ల సంగతీ ఇంతే. కర్నూలులో ఎయిర్ కూలర్ పెడితే గది చల్లబడుతుంది, విశాఖలో పెడితే గది ఉక్కపోస్తుంది. 1971లో అమెరికాలోని ఫ్లోరిడాలో తెరిచిన వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో వేసవి మన కోస్తా వేసవిలాగే ఉక్కగా ఉంటుంది. చేతిలో పట్టుకుని నీళ్ళు చిమ్ముకునే బుల్లి ఫ్యాన్లు అక్కడ అమ్ముతారు. వాటిలో ఎక్కువ పనిచేసేది ఫ్యానే, తుంపరల వంతు తక్కువ. అయితే చల్లటి నీళ్ళతో ముఖం, మెడ, చేతులు కడుక్కోవడం వేరు. ఆ నీళ్ళు ఆరకపోయినా, చల్లగా ఉన్నందుకే ఒంటి వేడిని కొంత లాగుతాయి.

బట్టలు వదులైన నూలువి చాలు. టోపీ, నీడ ఎక్కడైనా అవసరమే, ఎండ తగిలితే పై లెక్కలన్నీ ఇంకా పెరుగుతాయి. నీళ్ళు దాహం కోసం కాచుకోకుండా గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. లేదా లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని అవ్వలు చెప్తారు. పెట్టుకుంటే నష్టం లేదు. కానీ జేబులోని ఉల్లిపాయ చెమటను ఆర్పలేదు. దాన్ని నమ్ముకుని ఎండలో తిరగడమే నష్టం.

2015 మేలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వాళ్ళలో కోస్తా జిల్లాలవాళ్ళూ చాలామందే. అందుచేత మీతో వచ్చిన స్నేహితుణ్ణి గమనిస్తూ ఉండండి. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, కాళ్ళు తేలిపోవడం మొదటి గుర్తులు. వెంటనే నీడకు, గాలికి చేర్చి నీళ్ళు తాగించాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకండి. పెద్దవాళ్ళను కేకేసి 108కి ఫోన్ చేయించండి. అది వచ్చేలోగా ఒళ్ళంతా చల్లటి నీళ్ళతో తడుపుతూ విసురుతూనే ఉండండి. స్పృహలో లేనివాడి నోట్లో మాత్రం నీళ్ళు పోయకూడదు.

ఇప్పుడు మీరు చేయగల ప్రయోగం. బడిలో సైన్సు మాస్టారిని అడిగి మామూలు థర్మామీటర్లు రెండు తీసుకోండి. జ్వరం చూసేది పనికిరాదు, విదిలిస్తేగానీ అది కిందికి దిగదు. రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో ముందు చూసుకోండి. ఒకదాని బల్బుకు పలుచని నూలుగుడ్డ చుట్టి తడపండి. రెండింటినీ నీడలో వేలాడదీసి, తడిదానికి విసనకర్రతో ఐదు నిమిషాలు విసరండి. తుమ్మలపల్లెలో మే నెల మధ్యాహ్నం రెండింటి మధ్య తేడా 15, 20 డిగ్రీలు కూడా రావచ్చు. విశాఖ వెళ్ళినప్పుడు అవే థర్మామీటర్లను పట్టుకెళ్ళి, సముద్రపు ఒడ్డున మళ్ళీ చూడండి. రెండు ఊళ్ళ అంకెలనూ తేదీ, వేళ వేసి నోటు పుస్తకంలో పక్కపక్కనే రాసుకోండి.