కంప్యూటర్ గొట్టాల్లో గాలి: ఎందుకు తీయాలి? ఎలా తీయాలి?

కొన్ని కంప్యూటర్లలో ప్రాసెసర్ వేడిని గొట్టాల్లో తిరిగే నీరు మోసుకెళ్లి రేడియేటర్‌లో వదిలేస్తుంది.

ఆ దారిలో గాలి ఎందుకు ఉండకూడదు? నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. బుడగ అడ్డుపడిన చోట వేడి సరిగా పోదు. నీటిని తిప్పే పంపు ఇరుసుకు కందెన కూడా ఆ నీరే. అది లేకుండా తిరిగితే పంపు అరిగిపోతుంది.

గాలిని ఎలా తీస్తారు? పంపుకన్నా ఎత్తున ఉన్న నీటి తొట్టిని ముందు నింపుతారు. మిగతా భాగాలకు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే కొన్ని క్షణాలు తిప్పి ఆపుతారు. మట్టం తగ్గగానే మళ్లీ నింపుతారు. తర్వాత తొట్టి మూత బిగించి, పంపు తిరుగుతుండగా కంప్యూటర్ పెట్టెను మెల్లగా అటూ ఇటూ వంచుతారు. మూలల్లో దాక్కున్న బుడగలు కదిలి, ప్రవాహంతో తొట్టికి చేరి పైకి తేలతాయి. గాలి నీటికన్నా తేలిక కదా! చిన్న బుడగలన్నీ పోవడానికి గంటలు పట్టవచ్చు. ఇక్కడ ఓపికే అసలైన పనిముట్టు.