స్పెక్ షీట్‌లో కనిపించని స్విచ్: ఎం1 చిప్‌లో ఇంటెల్ యాప్స్ అంత స్మూత్‌గా ఎలా నడిచాయి?

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మనం చూసేది కోర్లెన్ని, ర్యామ్ ఎంత, రేటెంత. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ టీమ్‌లు కలిసి డిజైన్ చేసిన విషయాలు చాలావరకు ఆ లిస్ట్‌లో ఉండవు. కోడ్ రాసేవాడిగా నాకు బాగా నచ్చింది ఒకటి చెప్తాను.

2020 నవంబర్‌లో యాపిల్ ఎం1 చిప్‌తో మ్యాక్‌లు వచ్చాయి. అప్పటికి ఉన్న మ్యాక్ యాప్స్ ఇంటెల్ చిప్ కోసం రాసినవి. ఎం1 ఏమో ఆర్మ్. పాత యాప్‌ని ఆర్మ్ కోడ్‌లోకి మార్చే పని రొసెట్టా 2 అనే సాఫ్ట్‌వేర్‌ది. ఇందులో అసలు తలనొప్పి వరుసతోనే.

టిఫిన్ సెంటర్ ఊహించుకోండి. మాస్టర్ దోశ ప్లేట్‌లో వేసి, తర్వాత బెల్ కొడతాడు. బెల్ మోగితే దోశ రెడీ అని సర్వర్ నమ్మకం. ఇంటెల్‌లో ఒక కోర్ మెమరీలో రాసినవి మిగతా కోర్లకు అదే వరుసలో కనిపిస్తాయి. ఆర్మ్‌లో ఆ గ్యారంటీ లేదు, స్పీడ్ కోసం వరుస మారొచ్చు. అంటే బెల్ ముందే వినిపించి, సర్వర్ ఖాళీ ప్లేట్ పట్టుకెళ్లొచ్చు. యాప్‌లో అయితే తప్పుడు డేటా, లేదంటే క్రాష్.

దీన్ని సాఫ్ట్‌వేర్‌తోనే సరిచేయొచ్చు. 'ముందుది పూర్తయ్యాకే తర్వాతది' అని కోడ్‌లో బ్యారియర్లు పెట్టాలి. కానీ ఎక్కడ అవసరమో రొసెట్టాకి తెలీదు కాబట్టి దాదాపు అన్నిచోట్లా పెట్టాలి. అప్పుడు యాప్ నత్తనడకే.

అందుకే యాపిల్ చిప్‌లోనే ఇంటెల్ వరుసను పాటించే టీఎస్‌ఓ అనే మోడ్ పెట్టింది. రొసెట్టా యాప్ నడుస్తుంటే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఆన్ చేస్తుంది. మామూలు ఆర్మ్ యాప్‌కి ఆఫ్, కాబట్టి దాని స్పీడ్ తగ్గదు. ఎం1లో పాత యాప్స్ బాగా నడవడానికి ఇదొక్కటే కారణం కాదు, కానీ ముఖ్యమైనది. చిప్ డిజైన్ దశలోనే సాఫ్ట్‌వేర్ వాళ్ల కష్టం తెలిస్తేనే ఇలాంటిది సాధ్యం.

దీనికో ఇంకో వైపు కూడా ఉంది. రెండూ ఒకే కంపెనీ చేతిలో ఉంటే, ఎప్పుడు ఆపాలో కూడా వాళ్లిష్టమే. రొసెట్టా పూర్తిస్థాయిలో మ్యాక్‌ఓఎస్ 27 వరకేనని, ఆ తర్వాత కొన్ని పాత గేమ్స్‌కి పరిమితమని 2025లో యాపిల్ ప్రకటించింది. చిప్‌లో స్విచ్ ఉన్నా, దాన్ని వేసే సాఫ్ట్‌వేర్ లేకపోతే మనకేం లాభం?

కాబట్టి మ్యాక్ వాడుతుంటే యాక్టివిటీ మానిటర్ ఓపెన్ చేసి 'కైండ్' కాలమ్ చూడండి. మీ పని నడిచే యాప్ పక్కన 'ఇంటెల్' అని ఉంటే, ఆర్మ్ వెర్షన్ ఉందేమో ఇప్పుడే వెతకండి. అప్‌డేట్ నొక్కాక వెతికితే లాభం లేదు.