మంత్రదండం ఈసారి ఏం చేస్తుంది? తానికాయలు చెప్పే సంభావ్యత లెక్క

చలికాలంలో బస్తర్ అడవుల్లో తాని చెట్ల కింద బూడిదరంగు కాయలు రాలి ఉంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో వీటిని బహెడా అంటారు. ఆదివాసీ కుటుంబాలు వీటిని ఏరి, ఎండబెట్టి అమ్ముకుంటాయి. కరక్కాయ, ఉసిరికాయలతో పాటు త్రిఫల చూర్ణంలో కలిసేది ఈ కాయే. వృక్షశాస్త్రంలో దీని పేరు టెర్మినాలియా బెల్లిరికా. సంస్కృతంలో విభీతకం అంటారు, అక్షం అని కూడా అంటారు. అక్షం అంటే పాచిక అనే అర్థమూ ఉంది. వేదకాలంలో జూదమాడింది ఈ కాయలతోనే కాబట్టి రెండు అర్థాలూ ఒకే మాటలో కలిసిపోయాయి. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గోడు చెప్పే సూక్తంలోనూ ఈ విభీతకాలే కనిపిస్తాయి.

తానికాయకు చుక్కలు చెక్కిన ఆరు ముఖాలు ఉండవు. ఎండితే సన్నగా ఐదు గట్లు తేలుతుంది, అంతే. మరి దాంతో పందెం ఎలా? పండితులు ఇచ్చే వివరణ ప్రకారం, కుప్పగా పోసిన కాయల్లోంచి ఆటగాడు కొన్నింటిని తీసుకుంటాడు. వాటిని నాలుగు నాలుగుగా విడదీస్తారు. ఏమీ మిగలకపోతే అది కృతం, అన్నింటికన్నా మేలైన పందెం. మూడు మిగిలితే త్రేత, రెండు మిగిలితే ద్వాపరం, ఒకటే మిగిలితే కలి. యుగాల పేర్లుగా మనకు తెలిసిన ఈ నాలుగూ పాచికల ఆటలో శేషాల పేర్లు.

ఈ పద్ధతిలో మంచి గణితం దాగి ఉంది. వంకరటింకర కాయను దొర్లించి ఏ వైపు పైకి వచ్చిందో చూస్తే, బరువున్న వైపు ఎప్పుడూ కిందికే పోతుంది, ఆట చెడిపోతుంది. లెక్కపెట్టి శేషం చూసినప్పుడు కాయ ఆకారంతో పనే లేదు. దోసిట్లో ఒకసారి 47 కాయలు, ఇంకోసారి 54 వస్తాయి. ఈ తేడా ఎంత ఎక్కువగా ఉంటే నాలుగు శేషాల అవకాశాలూ అంతగా సమానమవుతాయి. నాలుగైదు కాయలే తీస్తే మాత్రం చేతివాటం పనిచేస్తుంది. కంప్యూటర్లో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే పాత పద్ధతుల్లో ఒకటి కూడా భాగహార శేషం మీదే నడుస్తుంది.

పాచికతో అదృష్టాన్ని తేల్చే ఆ పాత పని నేడు మరో రకం ఆటలో కొనసాగుతోంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను తెచ్చారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర: యోధుడు, మాంత్రికురాలు, దొంగ. డంజియన్ మాస్టర్ అనే మరొకరు కథ నడిపిస్తారు. కత్తి తగిలిందా, తలుపు తెరుచుకుందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఈ ఆటలో దొరికే మాయావస్తువుల్లో కొన్ని నమ్మకంగా ఒకే పని చేస్తాయి. కొన్ని మాత్రం ఎప్పుడేం చేస్తాయో తెలియదు. అలాంటిదే వింతల మంత్రదండం, ‘వాండ్ ఆఫ్ వండర్’.

2014 నాటి ఐదో ముద్రణ నియమాల ప్రకారం, ఈ దండాన్ని శత్రువు వైపు చూపగానే 1 నుంచి 100 లోపు ఒక సంఖ్య కోసం పాచికలు వేయాలి. 70 నుంచి 79 లోపు వస్తే అగ్నిగోళం పేలుతుంది. 37 నుంచి 46 లోపైతే పిడుగు. 47 నుంచి 49 లోపైతే ఆరు వందల పెద్ద పెద్ద సీతాకోకచిలుకలు గాలంతా నిండుతాయి. 34 నుంచి 36 లోపు వస్తే ఒక జంతువు ప్రత్యక్షమవుతుంది. అది ఏ జంతువో తేల్చడానికి మళ్లీ పాచికలు వేయాలి: నాలుగో వంతు అవకాశం ఖడ్గమృగానికి, నాలుగో వంతు ఏనుగుకు, మిగతా సగం ఎలుకకు. అంటే ఏనుగు రావాలంటే నూటికి మూడు అవకాశాల్లో మళ్లీ నాలుగో వంతు, 0.75 శాతం. ఎలుకకు దానికి రెట్టింపు. ఏనుగు వస్తుందని ఆశపడ్డవాడికి ఎలుక ఎదురవడమే ఎక్కువ, బల్ల చుట్టూ నవ్వులు పుట్టేదీ అక్కడే.

ఈ దండంలో ఏడు ప్రయోగాల శక్తి ఉంటుంది. అగ్నిగోళానికి పదో వంతు అవకాశం కాబట్టి ఏడింట్లో ఒకటైనా రాకపోతుందా అనిపిస్తుంది. లెక్క చూద్దాం. ఒకసారి రాకపోయే అవకాశం 0.9. ఏడుసార్లూ రాకపోయే అవకాశం 0.9ని ఏడుసార్లు గుణిస్తే వచ్చేది, సుమారు 0.48. దాదాపు సగం. ఆరుసార్లు సీతాకోకచిలుకలూ వానలూ వచ్చాక “ఈసారి అగ్నిగోళం రావాల్సిందే” అని ఎవరైనా అంటే, పాచికకు లేని జ్ఞాపకశక్తిని అంటగడుతున్నట్టే. ఏడోసారి కూడా అవకాశం పదో వంతే. పైగా చివరి శక్తిని కూడా వాడేస్తే, ఇరవైలో ఒక వంతు అవకాశంతో దండమే పొడి అయిపోతుంది.

ఇంత ఆగడం చేసే వస్తువును ఆటగాళ్లు ఎందుకు ఒప్పుకుంటారు? పట్టిక పుస్తకంలో అచ్చయి ఉంటుంది గనుక. ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, ఏది ఎంత తరచుగా జరుగుతుందో మాత్రం కావాలనుకున్న ఎవరైనా చూసుకోవచ్చు. అదే ఫలితాన్ని డంజియన్ మాస్టర్ తన ఇష్టం కొద్దీ ప్రకటిస్తే ఓడినవాడికి అనుమానం మిగులుతుంది. డబ్బు చేతులు మారే చోట ఈ తేడా ఇంకా బరువెక్కుతుంది. వీడియో గేముల్లో పిల్లలు డబ్బు పెట్టి కొనే ‘లూట్ బాక్సులు’ కూడా ఏం వస్తుందో తెలియని మాయాపెట్టెలే, కాకపోతే చాలాకాలం వాటి పట్టికలు కంపెనీల దగ్గరే ఉండిపోయాయి. అవకాశాల శాతాలు బయటపెట్టాలని చైనా 2017లో నిబంధన తెచ్చింది. డబ్బు తీసుకుని ఇచ్చే లూట్ బాక్సులు జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది.

పట్టిక తెలిసినంత మాత్రాన ప్రమాదం తప్పదు. 1975లోనే ఈ ఆటలోకి వచ్చిన ‘డెక్ ఆఫ్ మెనీ థింగ్స్’ అనే కార్డుల కట్ట అందుకు పేరుమోసింది. అందులో ఒక రకంలో 13 కార్డులు. సింహాసనం కార్డు వస్తే చిన్న కోట సొంతమవుతుంది. చంద్రుడు వస్తే కోరికలు తీరతాయి. శూన్యం వస్తే పాత్ర ప్రాణం ఎక్కడో బందీ అవుతుంది, ఆట అక్కడితో ఆగినట్టే. మంచి కార్డులు చెడ్డవాటికన్నా ఒకటి ఎక్కువే. అయితే తీసిన కార్డు, ఒకటి తప్ప, మళ్లీ కట్టలో చేరుతుంది. ఆ మినహాయింపును పక్కనపెట్టి చూస్తే, ఒక్క కార్డుతో శూన్యం తగిలే అవకాశం సుమారు 8 శాతం, మూడు కార్డులతో 21 శాతం, తొమ్మిదితో 51 శాతం. సగటున లాభమున్న ఆటలో కూడా తిరిగిరాని నష్టం ఒక్కటి ఉంటే ఎన్నిసార్లు ఆడామన్నదే కీలకం. ఎన్ని కార్డులు తీస్తారో ముందే చెప్పాలన్న నియమం ఆటగాడిని సరిగ్గా ఈ లెక్క దగ్గరే నిలబెడుతుంది.

బస్తర్‌లో ఈ లెక్కకు పాత సంబంధం ఒకటుంది. సుమారు 5, 6 శతాబ్దాల్లో బస్తర్, కోరాపుట్ ప్రాంతాలను ఏలిన రాజులు నలవంశీయులు. కొండగావ్ దగ్గరి ఎడేంగా గ్రామంలో వరాహరాజు, భవదత్తుడు, అర్థపతి పేర్లతో ఉన్న వారి బంగారు నాణేలు దొరికాయి. పాచికలాటలో రాజ్యం పోగొట్టుకున్న నిషధ రాజు నలుడే తమ మూలపురుషుడని వారు చెప్పుకున్నారు. వారి రాజధాని పేరు పుష్కరి, నలుణ్ని ఓడించిన తమ్ముడి పేరు పుష్కరుడు!

భారతంలోని ఆ కథలో కలి నలుణ్ని ఆవహిస్తాడు, ద్వాపరుడు పాచికల్లో దూరతాడు. ఆట నెలల తరబడి సాగి సర్వస్వం పోతుంది. తర్వాత నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి రథం తోలుతుంటే దారిలో ఒక తాని చెట్టు కనిపిస్తుంది. దాని రెండు కొమ్మల్లో 2095 కాయలున్నాయని ఋతుపర్ణుడు చూపుతోనే చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు కొట్టి, లెక్కపెట్టి చూస్తాడు. సంఖ్య సరిపోతుంది. కాయలను కుప్పగా చూసి లెక్క చెప్పగలవాడికి శేషం ముందే తెలిసిపోతుంది, అతడి ముందు ఆ ఆటలో అదృష్టానికి చోటే లేదు. ఋతుపర్ణుడి దగ్గర ఆ అక్షహృదయ విద్య నేర్చుకోగానే కలి నలుణ్ని విడిచి తాని చెట్టులోకి వెళ్లిపోతాడు. నలుడు మళ్లీ పుష్కరుడితో ఆడింది ఒకే ఒక్క పందెం. అందులోనే రాజ్యం తిరిగొచ్చింది, రెండో పందెం వేయలేదు.