గాజు మేడల నడుమ ముఖాలు: పోర్ట్రెయిట్ ఫొటోపై అపోహలు – వాస్తవాలు

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఆఫీసుల్లో పనిచేస్తూ సెలవు రోజున కెమెరా భుజాన వేసుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది. వాళ్లలో కొందరికి పెళ్లి ఫొటోలతో, ప్రొఫైల్ ఫొటోలతో తృప్తి లేదు. మనిషి లోపల ఉన్నది ముఖం మీద పట్టుకోవాలన్న తపన ఉంది. ఎంతో విలువైన తపన అది. దాన్ని పక్కదారి పట్టిస్తున్న నమ్మకాలు కొన్నింటి గురించి చెప్పాలి.

అపోహ: లోతంతా పాతబస్తీ ముఖాల్లోనే ఉంటుంది. ఐటీ ఉద్యోగి ముఖంలో తీయడానికి ఏముంది?

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. ఆదివారం పొద్దున్నే ఫొటో వాక్ అంటే చార్మినార్, లాడ్‌బజార్. ముడతలు పడ్డ చర్మం, తెల్లగడ్డం, చాయ్ కప్పు మీద ఆవిరి. కష్టం పైకి కనిపిస్తే చాలు, ఆ ముఖానికి లోతుందని తేల్చేస్తాం. ముడతలు వయసు వల్ల, ఎండ వల్ల వస్తాయి. ఆ మనిషి ఏం ఆలోచిస్తున్నాడో అవి చెప్పవు. అమెరికా వేళలకు పనిచేసి తెల్లవారుజామున క్యాబ్ కోసం నిలబడిన అమ్మాయి, ఊళ్లో నాన్న ఆపరేషన్ గురించి కారిడార్‌లో గొంతు తగ్గించి మాట్లాడుతున్న టీమ్ లీడ్, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్న సంగతి ఇంట్లో చెప్పలేని కుర్రాడు... వీళ్ల లోపల జరుగుతున్నది తక్కువా?

జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆగస్ట్ సాండర్ దాదాపు వందేళ్ల కిందటే ఈ పని చేసి చూపించాడు. రైతును, మిఠాయి వంటవాణ్ని, ఆఫీసు ఉద్యోగిని ఒకే శ్రద్ధతో తీశాడు. 1929లో 60 చిత్రాలతో పుస్తకం వేస్తే, 1936లో నాజీలు దాని ముద్రణ ప్లేట్లను నాశనం చేశారు. కొలోన్ రేడియో సంస్థలో పనిచేసే సెక్రటరీని 1931లో తీసిన చిత్రం ఎక్కడైనా దొరికితే చూడండి. పొట్టి జుట్టు, వేళ్ల మధ్య సిగరెట్, నవ్వు లేదు, ఏడుపూ లేదు. అయినా ఎంతసేపు చూసినా ఆమె గురించి ఇంకా ఏదో తెలుసుకోవాలనిపిస్తుంది. మన దగ్గర మాత్రం ఫొటో తీసేముందు ఐడీ కార్డు జేబులో పెట్టేయమంటాం. ఎందుకు? ఇక్కడి ఉద్యోగికి రోజంతా గడిచేది ఆ కార్డుతోనే. మెడలో ఉండనివ్వండి.

అపోహ: తెలియకుండా తీసిందే నిజం. కూర్చోబెట్టి తీస్తే అంతా నటన.

హైదరాబాద్‌లో పుట్టకూడని అపోహ ఇది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పనిచేసిన ఊరు ఇది. ఆయన పోర్ట్రెయిట్లు ఎక్కువగా కూర్చోబెట్టో నిలబెట్టో తీసినవే. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ఆయన ఇక్కడ జనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. అది ఘోషా కోసం చేసిన ఏర్పాటే అయినా పోర్ట్రెయిట్ తీసే ప్రతి ఒక్కరికీ అందులో పాఠం ఉంది. కెమెరా వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి ముందున్న ముఖం మారుతుంది. దూరం నుంచి జూమ్ లెన్సుతో దొంగచాటుగా తీసినప్పుడు మనకు దొరికేది ఆ మనిషి ఏమరుపాటు మాత్రమే. ఎదురుగా కూర్చుని, అనుమతి అడిగి, కాసేపు మాట్లాడి, ఆ మాటలు అయిపోయాక కూడా ఇద్దరూ ఇబ్బంది లేకుండా ఉండగలిగితే, అప్పుడు వచ్చే ముఖం వేరు. మన ఐటీ కారిడార్‌లో భవనాలు కట్టే వలస కూలీలను, సెక్యూరిటీ గార్డులను తీసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వద్దనే హక్కు వాళ్లకూ ఉంది. యూనిఫాంలో డ్యూటీ మీద ఉన్న మనిషి గట్టిగా వద్దనలేడు కూడా.

అపోహ: కళ్లు చూస్తే మనసు తెలిసిపోతుంది.

1941 డిసెంబరులో ఒట్టావాలో ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ ఫొటో తీయబోతూ బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేశాడు. ఆ చిరాకు ముఖాన్నే ప్రపంచం హిట్లర్‌కు తలవంచని బ్రిటన్‌గా చదువుకుంది. 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ తీసిన ఆఫ్ఘన్ బాలిక ఆకుపచ్చ కళ్లలో అందరూ యుద్ధభయం చూశారు. 2002లో ఆమెను మళ్లీ కలిసినప్పుడు, పరాయి మగవాడు ఫొటో తీస్తున్నాడని తనకు కోపం వచ్చినట్టు ఆమెకు గుర్తుంది. ముఖకవళికల మీద జరిగిన పరిశోధనలను ఐదుగురు శాస్త్రవేత్తలు సమీక్షించి 2019లో ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. ముఖం కదలికలను మాత్రమే చూసి లోపలి భావాన్ని నమ్మకంగా చెప్పలేమని తేల్చారు.

మరి ఫొటో చూసి మన గొంతు పట్టేసేది ఎందుకు? దీనికి జవాబు మన నాట్యశాస్త్రంలో ఉంది: రసం అనుభవించేది ప్రేక్షకుడు. సత్యభామ అలక చూసి మనం కరిగిపోవాలంటే కూచిపూడి కళాకారిణి నిజంగా అలగనక్కర్లేదు. 1920ల నాటి రష్యన్ దర్శకుడు కులెషోవ్ ప్రయోగం కూడా ఇదే చెప్పింది. భావం లేని ఒకే ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన చూపిస్తే చూసినవాళ్లు ఒకచోట ఆకలి, మరోచోట దుఃఖం చదివారు. కాబట్టి ముఖాన్ని ఏడిపించే ప్రయత్నం మానేసి, దాని పక్కన ఏం ఉంచుతున్నాం, చేతులు ఎక్కడున్నాయి, చూపు ఎటుంది, చూసేవాడికి ఊహించుకోవడానికి ఎంత చోటు వదిలాం అన్నది ఆలోచించాలి. వెనక్కి తిరిగి ఉన్న మెడ కూడా మంచి పోర్ట్రెయిటే.

అపోహ: 85 ఎంఎం, ఎఫ్ 1.4 లెన్సు కొంటేగానీ భావం రాదు.

కోల్‌కతాలో పుట్టిన పందొమ్మిదో శతాబ్దపు ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 48 ఏళ్ల వయసులో కూతురు కెమెరా కానుకగా ఇచ్చింది. ఆమె తీసిన ముఖాల్లో ఫోకస్ మెత్తగా ఉంటుంది, ప్లేట్ల మీద గీతలు కూడా ఉంటాయి. ఆనాటి విమర్శకులు వంక పెట్టారు. ఈనాటికీ ఆ చిత్రాలు చూస్తూనే ఉన్నాం. హైటెక్ సిటీలో లైటు కొనాల్సిన పని కూడా లేదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ ఎవెడాన్ 1979 నుంచి 1984 వరకు అమెరికా పశ్చిమ రాష్ట్రాల కార్మికులను తీసినప్పుడు తెల్ల కాగితం వేలాడదీసి, నీడలో నిలబెట్టి తీశాడు. మన అద్దాల భవనాలకు నీడ పడే వైపు మధ్యాహ్నం కూడా అలాంటి మెత్తటి వెలుతురే ఉంటుంది.

అపోహ: రంగులు తీసేసి నలుపు తెలుపు చేస్తే లోతు వస్తుంది.

రాదు. మామూలు ఫొటో మామూలుగానే ఉంటుంది. రంగు దృష్టి మళ్లిస్తుంటే తీసేయండి, అంతే.

అపోహ: ఫోన్‌లో నచ్చితే ఫొటో బాగున్నట్టే.

వేలితో పైకి నెట్టేసే తెర మీద ముఖాన్ని చూసేది క్షణమే. పెద్ద ప్రింట్లు చూడాలంటే మాదాపూర్ కావూరి హిల్స్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఈ ఆఫీసులకు కూతవేటు దూరంలో ఉంది. 2015లో మొదలైన ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ ప్రదర్శనలు అక్కడ జరిగాయి. పెద్ద ప్రింటు ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. మీరు తీసినవి కూడా ప్రింటు వేయించి, ఒక కాపీ ఫొటోలోని మనిషికి ఇవ్వండి. తన ముఖం చూసుకుని ఆ మనిషి ఏమంటారో వినండి. మళ్లీ తీసేటప్పుడు ఆ మాట పనికొస్తుంది.